ఏమంటోంది బండి

"సౌండ్ వస్తోంది" అన్నాను.
ఏసుపాదం టీ గ్లాసు దించలేదు.
"సౌండు అందరికీ వస్తుంది.
ఏమంటోంది?"

వ్యాసర్పాడి వంతెన పక్క షెడ్డు.
నాది రెండువేల మూడు ఆమ్నీ,
వెనక సీట్లు పీకేసి
కోయంబేడు నుంచి తెల్లారుజామున మూడింటికి
మల్లె మూటలు, బంతి మూటలు మోసే వ్యాను.
మూడు వారాలుగా దాని పొట్టలో ఏదో.
మొదటి వారం నేను చేసిన వైద్యం
రేడియో గట్టిగా పెట్టడం.

గరగర అన్నాను. కాదు, గురగుర.
క్లచ్ వదిలి కదిలిస్తే
బిందె మీద గరిటె పడ్డట్టు ఠంగుమని ఒకటి.
యాభై దాటాక
అగ్గిపెట్టెలో తుమ్మెదని మూసినట్టు.
"అవి రెండు" అన్నాడు, వేళ్ళు చూపించి.
"రెండు రోగాలకి ఒకే పేరు పెట్టి తిప్పుతున్నావు."

ఆగి ఉన్నప్పుడు క్లచ్ తొక్కించాడు, వదిలించాడు.
ఏమీ లేదు.
గేరుబాక్సు నూనె రెండు చుక్కలు
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి
ఎండలో పెట్టి చూశాడు.
నలుపే, వెండి రజను లేదు.
"పాపం, దీని మీద అభాండం వెయ్యకు."

ఠంగు తేలిగ్గానే దొరికింది.
కార్డన్ షాఫ్టు క్రాసులో
సూదుల్లాంటి రోలర్లు కుంకుమై రాలాయి.
పుదుపేటలో చచ్చిన బళ్ళ గుట్టల మధ్య
కొత్త క్రాసు కొన్నాను, బేరమాడి మరీ.
బిగించాడు. ఠంగు పోయింది.
తుమ్మెద మాత్రం
ఇల్లు ఖాళీ అయిందని ఇంకా పెద్దగా పాడింది.

రాత్రి పదకొండు, మధురవాయల్ బైపాస్.
నేను స్టీరింగ్ దగ్గర.
అతను వెనక, వాడిన మల్లెల వాసనలో,
రేకు మీద బోర్లా పడుకుని
బతికున్న ఎడమ చెవి నేలకి ఆన్చి.
కుడిది సుత్తిదెబ్బలకి పోయిందంటాడు.
పెళ్ళాం మాట విననందుకు, అంటుంది కృపమ్మ.

"అరవై. తొక్కు. వదులు. మళ్ళీ తొక్కు."
తొక్కినా వదిలినా అదే శ్రుతి.
"అయితే క్రౌన్ పినియన్ కాదు.
న్యూట్రల్ చెయ్. దొర్లనీ."
దొర్లాం. ఇంజను తగ్గింది,
తుమ్మెద తగ్గలేదు.
"ఇప్పుడు ఎడమకి కొంచెం వంచు."
గొంతు పెంచింది.
"కుడికి."
నోరు మూసుకుంది.
వెనక నుంచి నవ్వు.
"ఎడమకి తిరిగితే బరువు
కుడి భుజం మీద పడదా నాయనా?"

నేను ఎన్నిసార్లు తిరిగానో ఆ మలుపులు.
కోయంబేడు సర్కిల్, మూలకడై, ఇంటి సందు.
ఒక్కసారీ అడగలేదు
ఏ వైపు తిరిగితే నొప్పి అని.

పొద్దున్నే వెనక చక్రాలు గాల్లోకి లేపి,
గేరు వేసి తిప్పి,
బారెడు స్క్రూడ్రైవర్ కొన యాక్సిల్‌కి,
కట్టెపిడి చెవి వెనక ఎముకకి ఆనించుకున్నాడు.
తర్వాత నాకు ఇచ్చాడు.
ఎడమ వైపు: మూకుడులో నూనె కాగుతున్నట్టు.
కుడి వైపు: అమ్మమ్మ తిరగలి.
రాగులు. మధ్యలో ఎక్కడో ఒక రాయి.

డ్రమ్ము ఊడదీస్తే గేరునూనె కారి
బ్రేకు షూలు తడిసి ఉన్నాయి.
నాలుగు రోజులుగా బ్రేకు ఒక పక్కకి లాగుతోందని
నేను చెప్పనేలేదు, అడగలేదు కదా అని.
ఉలితో రింగు పగలగొట్టి బేరింగ్ లాగి
చేతిలో తిప్పాడు నా మొహం ముందు.
దారి నిండా మశూచి మచ్చలు.
కొత్తది, ఆయిల్ సీలు, షూలు, కూలి,
అన్నీ కలిపి అట్టముక్క మీద రాసిన అంకె
నేను భయపడ్డ దాంట్లో సగం లేదు.

ఆ రాత్రి ఖాళీ రోడ్డు మీద డెబ్బై వెళ్ళాను.
తలుపు కిటకిట వినిపించింది, మొదటిసారి.
వైపరు మోటారు, నా ఊపిరి.
రేడియో పెట్టలేదు.

పాత బేరింగ్ పారెయ్యబుద్ధి కాక
డాష్‌బోర్డు అరలో పెట్టాను.
ప్రతి గతుక్కీ లోపల గలగలమంటుంది.
నిన్న బంతి మూటల ముత్యాలు ముందు సీటెక్కి
చెవి రిక్కించి అడిగాడు
"అన్నా, ఏదో సౌండ్ వస్తోందే?"

"ఏమంటోంది?" అన్నాను.